హీట్ పంపుతో అన్ని ఋతువులూ: నార్త్ కరోలినా ఇంటి నుంచి ఒక సమీక్ష

నార్త్ కరోలినాలోని రాలీ పరిసరాల్లో మేముంటున్న ఇంటికి గ్యాస్ లైను లేదు. ఎండాకాలపు చల్లదనానికీ, చలికాలపు వెచ్చదనానికీ పెరట్లో ఉన్న 3 టన్నుల హీట్ పంపే ఆధారం. ఏళ్ళ తరబడి వాడిన మీదట చెబుతున్నాను: చలి ఒక మోస్తరుగానే ఉండే ఈ ప్రాంతానికి ఇది చాలా తగిన యంత్రం. అయితే కరెంటు బిల్లు ఎంత వస్తుందన్నది మాత్రం చాలావరకు థర్మోస్టాట్‌ను మనం ఎలా వాడుతున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

హీట్ పంపు వేడిని పుట్టించదు. బయటి గాలిలో ఉన్న వేడినే లోపలికి చేరవేస్తుంది. బయట 47 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 8 సెల్సియస్ ఉన్నప్పుడు ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్లకు పైగా వేడి ఇస్తుంది. 17 డిగ్రీలకు (ఇక్కడి అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) పడిపోతే ఆ ఫలితం దాదాపు రెండుకు తగ్గుతుంది. అంత చలిలో పంపు ఒక్కటే సరిపోదు గనుక ఇంట్లోకి గాలిని తోసే లోపలి యూనిట్ (ఎయిర్ హ్యాండ్లర్)లో కరెంటుతో నేరుగా వేడెక్కే హీట్ స్ట్రిప్స్ తోడవుతాయి. థర్మోస్టాట్ తెర మీద 'ఆక్స్' అని కనిపిస్తే అవి నడుస్తున్నాయని అర్థం. మా ఇంట్లోవి 10 కిలోవాట్లవి, గంటసేపు నడిస్తే 10 యూనిట్లు కాలుతాయి; అదే వేడిని ఓ మాదిరి చలిలో పంపు 3 యూనిట్లతో ఇస్తుంది. చలికాలంలో చేయగలిగిన పొదుపంతా ఈ స్ట్రిప్స్‌ను వీలైనంత తక్కువగా నడవనివ్వడంలోనే ఉంది.

గదిలో మనిషి లేకపోతే ఏసీ కట్టేయడం మన ఇళ్ళలో చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పొదుపు. ఇక్కడి చలికాలంలో అది ఎదురుతిరుగుతుంది. రాత్రి 60కి తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా 68కి పెంచితే, గది వేడికీ పెట్టిన అంకెకూ ఉన్న తేడా చూసి థర్మోస్టాట్ వెంటనే స్ట్రిప్స్‌ను పిలుస్తుంది; రాత్రంతా మిగిల్చిన కరెంటు తెల్లవారేసరికి అందులోనే పోతుంది. అందుకే మా ఇంట్లో పగలు 68, రాత్రి 66 ఉంచుతాం. కొన్ని రోజులు ఊరెళ్ళేటప్పుడు తగ్గించడం మంచిదే గానీ, తిరిగి వచ్చాక ఒక్కో డిగ్రీ చొప్పున పెంచుకోవాలి. బయటి ఉష్ణోగ్రత తెలిసే థర్మోస్టాట్ అయితే, 35 లేదా 40 డిగ్రీల పైన స్ట్రిప్స్ నడవకుండా అందులోనే కట్టడి పెట్టవచ్చు; ఈ సెట్టింగు సాధారణంగా ఇన్‌స్టాలర్ మెనూలో ఉంటుంది కనుక టెక్నీషియన్ వచ్చినప్పుడు అడిగి పెట్టించుకోండి. 'ఎమర్జెన్సీ హీట్' అనే మీట కంప్రెసర్‌ను పూర్తిగా ఆపి స్ట్రిప్స్‌తోనే ఇల్లు నడుపుతుంది. పంపు చెడిపోయిన రోజున తప్ప దాని జోలికి వెళ్ళకూడదు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వెంట్ దగ్గర చెయ్యి పెట్టి "ఇది వేడిగాలేనా అమ్మా?" అని అడుగుతుంటారు. గ్యాస్ ఫర్నేస్ గాలి 120 డిగ్రీలు దాటి వస్తుంది. హీట్ పంపు గాలి 90, 95 దగ్గరే ఉంటుంది కనుక చేతికి గోరువెచ్చగా కూడా తోచదు. ఆ అనుమానంతో అంకెను 76కి పెంచితే మళ్ళీ స్ట్రిప్సే. గాలి అంత వేడిగా లేకపోయినా ఇల్లు నిలకడగా వెచ్చగా ఉంటుంది. బాగా చలిగా ఉన్న రోజున పంపు గంటల తరబడి ఆగకుండా నడవడం లోపం కాదని వాళ్ళకు ముందే చెప్పడం మంచిది. ఆ కాస్త వెచ్చని గాలికి వెంట్ పక్కన పెట్టిన ఇడ్లీ పిండి జనవరిలో కూడా చక్కగా పొంగుతుంది.

చలీ తేమా కలిసిన రోజుల్లో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి పంపు కొద్ది నిమిషాలు ఏసీలా తిరగబడి నడుస్తుంది. బుస్సుమని శబ్దం, తెల్లటి ఆవిరి వస్తాయి. అది పొగ కాదు, కంగారు పడనక్కర్లేదు. గంటలు గడిచినా మంచు గడ్డకట్టి కరగకపోతే మాత్రం టెక్నీషియన్‌ను పిలవాలి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకితే గొట్టానికి చిల్లుపడి వేడిని మోసే రిఫ్రిజిరెంట్ పోతుంది. 2022 డిసెంబరు 24న గడ్డకట్టే చలిలో ఈ రాష్ట్రంలో వంతులవారీగా కరెంటు కోత పెట్టారు. అలాంటి ఉదయాల్లో స్ట్రిప్స్ తక్కువగా నడిస్తే ఆ మేరకు గ్రిడ్ మీద భారం కూడా తగ్గుతుంది.

మార్చి చివర నుంచి పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా పసుపు పూసినట్టు కమ్మేస్తుంది, బయటి కాయిల్ రెక్కల మధ్య కూడా చేరుతుంది. యూనిట్‌కు కరెంటు కట్టేసి, తోట పైపుతో మెల్లగా కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగిపోతాయి. చుట్టూ రెండడుగుల ఖాళీ ఉండాలి. ఫిల్టరు సంగతికొస్తే, అంగుళం మందం ఉన్న మెర్వ్ 13 ఫిల్టర్లు (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ వడపోత సన్నగా ఉంటుంది) గాలిని శుభ్రం చేస్తాయి గానీ కొన్ని ఇళ్ళలో ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. మేము మెర్వ్ 8 పెట్టి తరచూ మారుస్తున్నాం.

వేసవిలో స్ట్రిప్స్‌తో పని లేదు గనుక మన పాత అలవాటు ఇక్కడ పనికొస్తుంది: అందరూ బయటికి వెళ్ళినప్పుడు నాలుగైదు డిగ్రీలు పెంచి వెళ్ళవచ్చు. ఉక్క ఎక్కువ కాబట్టి ఫ్యాన్‌ను 'ఆన్'లో కాక 'ఆటో'లోనే ఉంచాలి, లేకపోతే కాయిల్ మీది తడి ఆరి మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. నీరు పోయే డ్రెయిన్ పైపులో నాచు పట్టకుండా అప్పుడప్పుడు కాస్త వెనిగర్ పోస్తుంటాం.

కొత్తది కొనేవారు ఇన్వర్టర్ రకం చూడండి. అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుని నిలకడగా నడుస్తుంది, తేమనూ బాగా లాగుతుంది. 2025 నుంచి తయారయ్యే యూనిట్లలో ఆర్-410ఏ బదులు ఆర్-454బీ, ఆర్-32 వంటి రిఫ్రిజిరెంట్లు వస్తున్నాయి. 2,000 డాలర్ల వరకు ఉండిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది కాబట్టి దాన్ని లెక్కలో వేసి ధర చెప్పే కొటేషన్‌ను నమ్మకండి. పాత యూనిట్ 3 టన్నులది కాబట్టి కొత్తదీ అంతే పెడతామంటే ఒప్పుకోకుండా, మీ ఇంటి కిటికీలు, అటక, డక్టుల లీకేజీ చూసి ఎంత సామర్థ్యం కావాలో తేల్చే 'మాన్యువల్ జె' లెక్కను కాగితం మీద ఇమ్మని అడగండి.