గుడ్డింట్లో వాన: నాలుగేళ్లు వాడిన టెంటు కథ

మా టెంటు పైకప్పుకు అటొకటి ఇటొకటి జానెడు కిటికీలు ఉంటాయి. చిన్న పుల్ల నిలబెట్టి వెల్‌క్రో అంటిస్తే నోరు తెరుచుకుంటాయి, పుల్ల తీస్తే మూసుకుపోతాయి. కొన్న కొత్తలో అవెందుకున్నాయో కూడా మేం చూడలేదు. ఇప్పుడు ఎవరైనా టెంటు కొంటామంటే నేను ముందు అడిగేది వాటి గురించే: కిటికీలున్నాయా? వాన పడుతున్నా తెరిచి ఉంచుకోవచ్చా?

2021 చివర్లో కొన్నాం. ముగ్గురికని అమ్మారు, అంటే ఇద్దరికీ రెండు బ్యాగులకీ సరిపోతుందని లెక్క. విశాఖలో శనివారం పొద్దున్నే డిక్కీలో పడేసి ఏదో ఒక ఘాట్ ఎక్కేయడం మాకు అలవాటు. ఒకసారి అనంతగిరి మీదుగా అరకు, ఒకసారి సుంకి ఘాట్ దాటి కొరాపుట్ వైపు, చలికాలమైతే పాడేరు, చింతపల్లి. బరువెంత, రాడ్లు దేనితో చేశారు లాంటివన్నీ సంచీ మీదే రాసుంటాయి, చూసుకోండి.

మొదట్లో దీన్ని నెత్తిన పెట్టుకున్నాం. మారేడుమిల్లిలో ఆగస్టు నెలలో రాత్రంతా కుండపోత, లోపల ఒక్క చుక్క పడలేదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం దేవమాలి, 1672 మీటర్లు. పైన చెట్టన్నది లేని గడ్డికొండ. అక్కడి గాలికి రాడ్లు వంగి గుడ్డ మా ముఖాలకు తగిలి వెళ్లేది, అయినా తెల్లారేసరికి టెంటు నిలబడే ఉంది. మా ఆయన ఆ ఊపులో ఆఫీసులో ఇద్దరిచేత ఇదే కొనిపించాడు.

ఆ తర్వాత 2023 జనవరిలో లంబసింగి వెళ్లాం. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఊరు. కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట ఉన్నవాడు పొద్దుటికి కొయ్యబారిపోతాడని. తాజంగి చెరువుకు దగ్గర్లో, వలిసెలు కోసేసిన ఒక చేనులో, ఆ రైతును అడిగి టెంటు వేసుకున్నాం. టీ బయటే కాచుకున్నాం. టెంటులో పొయ్యి వెలిగిస్తే విషవాయువు పట్టి ప్రాణం మీదికొస్తుందని తెలుసు, అంతవరకు బుద్ధి ఉంది. ఆ తర్వాత మాత్రం బుద్ధి పనిచేయలేదు. చలికి భయపడి జిప్పులన్నీ చివరిదాకా లాగేశాం. కిటికీల పుల్లలు తీసేశాం. నీళ్లలో దిగి తడిపిన సాక్సులు, తువ్వాలు లోపలే తాడు కట్టి ఆరేశాం.

రాత్రి మూడింటికి నా ముక్కు మీద చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. టార్చి వేసి చూస్తే, లోపలి దోమతెరలాంటి వల దాటి, దాని పైనున్న పైకప్పు గుడ్డ అడుగంతా ముత్యాలు పొదిగినట్టు నీటి బొట్లు. మా ఆయన వేలితో అలా ముట్టుకున్నాడో లేదో బొటబొటా మా ఇద్దరి మీదా కురిశాయి. కాళ్ల దగ్గర రగ్గు గోడకు ఆని అప్పటికే తడిసిపోయింది.

"కారుతోంది" అన్నాను నేను. "మారేడుమిల్లి వానకు కారనిది మంచుకు కారుతుందా?" అన్నాడు. నిజమే, నా దగ్గర జవాబు లేదు. అయినా దంపతుల గొడవకు జవాబులతో పనేముంది! చివరికి ఆయన వణుక్కుంటూ బయటికెళ్లి, కారులోంచి నీలం టార్పాలిన్ తెచ్చి టెంటంతా కప్పేసి, చుట్టూ రాళ్లు పెట్టి వచ్చాడు. దాంతో ఇంకా ఎక్కువైంది. ఐదింటికి ఇద్దరం కారెక్కి, సీట్లు వాల్చుకుని కూర్చున్నాం. టెంటు అమ్మినవాళ్లను నేను తిట్టని తిట్టు లేదు.

తెల్లారాక రైతు భార్య పాలచెంబుతో వచ్చింది. తడి రగ్గులు కారు మీద ఆరేసి ఉండటం చూసి, "ఏటమ్మా, బయట వాన్నేదు గానీ మీ గుడ్డింట్లోన వానొచ్చిందేటి?" అంది. కారిందని చెప్పాను. ఆమె తల లోపలికి పెట్టి చూసింది. "ఇలా బిగించీసి పడుకున్నారేటి? కూరొండి మూతెడితే మూతడుగున నీళ్లు పట్టవా? కారడమేటి, అది మీ ఊపిరే!"

అంతే సంగతి. ఇద్దరు రాత్రంతా వదిలిన ఊపిరి, దానికి తోడు మా తడి సాక్సులు. ఆ ఆవిరంతా వల దాటి పైకెళ్లి, మంచుకు చల్లబడ్డ గుడ్డ తగిలి నీళ్లయింది. టార్పాలిన్‌తో మేం ఆ మూతను ఇంకా గట్టిగా బిగించామన్నమాట. రెండో రాత్రి చెరువు పల్లంలోంచి గట్టు మీద చెట్టు కిందికి మారాం. కిటికీలు రెండూ తెరిచి, తలుపు జిప్పు పైన బెత్తెడు వదిలేశాం. చలి పెరిగింది, అబద్ధం చెప్పను. పొద్దున అంచుల దగ్గర కొంచెం చెమ్మ ఉంది గానీ ముక్కు మీద చుక్క పడలేదు, ఆ కిటికీల పుణ్యమా అని.

మారేడుమిల్లి గురించి పైన గొప్పగా చెప్పాను కదా, ఆ మాట కాస్త సవరించుకోవాలి. ఆ రాత్రి ఉక్కపోతగా ఉందని కిటికీలు తెరిచే ఉంచాం. పైగా టెంటు వేసింది రిసార్టు వంటశాల పక్కన, రేకు చూరు సగం టెంటును కాస్తూనే ఉంది. ఈ విషయం మా ఆయన తన ఆఫీసులో చెప్పినట్టు లేడు.

ఇంకొకటి. 2024 నవంబరులో వంజంగి నుంచి వచ్చాక ఇద్దరం జ్వరంతో పడ్డాం. తడి టెంటు చుట్టచుట్టినట్టే అటకెక్కింది. ఆరు నెలల తర్వాత విప్పితే పులిసిన వాసన. పైకప్పు లోపలి పూత బెల్లం పాకంలా వేళ్లకు అంటుకుంది, కొన్నిచోట్ల పొలుసులుగా రాలింది. నీళ్లు ఆపేది ఆ పాలీయూరిథేన్ పూతే. చెమ్మ, వేడి కలిస్తే అది పాడవుతుందట. విశాఖ అటక మీద ఆ రెండూ సమృద్ధిగా ఉంటాయి. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వారంటీ వర్తించదన్నారు. ఆరబెట్టి దాచమని సంచీ మీద ఎక్కడా లేదన్న కోపం నాకింకా ఉంది. కానీ ఉండి ఉంటే మాత్రం మేం చదివేవాళ్లమా?

కొనాలా అంటే, మేం ఇద్దరమే, పిల్లల్లేరు, కారు ఉంది, తూర్పు కనుమలు దాటి వెళ్లం. అలాంటివాళ్లకు ఇది చాలు. మంచు పేరుకునే హిమాలయాల సంగతి నేను చెప్పలేను. వీపున మోసుకుని నడిచేవాళ్లకు బరువనిపిస్తుంది. లోపలి వల, రాడ్లు, జిప్పులు ఈరోజుకీ బాగున్నాయి. పైకప్పు మాత్రం విడిగా అమ్మరట. ఈ చలికాలానికి దాని మీద నీలం టార్పాలిన్ కప్పి వాడేద్దామంటాడు మా ఆయన. ఆ టార్పాలిన్ నేను పోయిన నెలే పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. ఆయనకింకా చెప్పలేదు.