టొరంటో 196 నంబరు బస్సు, దాని సొంత రోడ్డు

బస్సు గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. తిరుపతి అలిపిరి డిపోలో స్టీరింగ్ పట్టి, తిరుమల కొండకు ఎక్కీ దిగీ రిటైరైన ఆర్టీసీ డ్రైవర్‌ని. మా పెద్దోడు టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో చదివేటప్పుడు, 2014లో, నన్నూ వాళ్లమ్మనూ అక్కడికి పిలిపించుకున్నాడు. కెనడా పోయినవాళ్లందరూ నయాగరా చూసొచ్చి ఫొటోలు చూపిస్తారు. నేనూ చూశాను, బాగానే ఉంది. కానీ బాలాజీ కాలనీలో టీ తాగుతూ ఎవరైనా అక్కడి సంగతులు అడిగితే నా నోటికి ముందు వచ్చేది 196 నంబరు బస్సే. మా వీధిలో అందరికీ చెప్పి అయిపోయింది కాబట్టి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

అప్పట్లో ఆ ఊరి మెట్రో యూనివర్సిటీ వైపున డౌన్స్‌వ్యూ స్టేషన్‌తో ఆగిపోయేది. 1996లో తెరిచిన స్టేషన్ అది. యూనివర్సిటీ ఇంకా అవతల. స్టేషన్లో దిగిన పిల్లకాయలకు అక్కడి నుంచి బస్సే గతి. మొదట్లో ఆ బస్సు షెప్పర్డ్ అవెన్యూ, కీల్ స్ట్రీట్ మీదుగా కార్ల మధ్య ఇరుక్కుంటూ పోయేదట. మెట్రోను యూనివర్సిటీ దాకా పొడిగిద్దామని అనుకున్నారు గానీ, సొరంగం తవ్వాలంటే ఏళ్లు పడుతుంది. అంతదాకా పిల్లలు ఏం కావాలి? అందుకని 2009 నవంబర్ 20న బస్సులకు మాత్రమే అని ఒక దారి తెరిచారు. కార్లకు, లారీలకు అందులో ప్రవేశం లేదు.

దానికి స్థలం ఎక్కడ దొరికిందన్నదే నాకు బాగా నచ్చిన సంగతి. ఊరి మధ్య నుంచి హైటెన్షన్ కరెంటు లైన్లు పోతాయి. వాటి కింద ఇళ్లు కట్టకూడదు. కాబట్టి పెద్ద పెద్ద టవర్లు, వాటి కింద గడ్డి తప్ప ఏమీ లేని పట్టీ ఒకటి పొడుగ్గా మిగిలిపోయింది. డఫరిన్ స్ట్రీట్ నుంచి కీల్ స్ట్రీట్ దాకా ఆ పట్టీలోనే రెండు వరుసల తారు రోడ్డు వేసేశారు. ఇల్లు కొట్టే పని లేదు, నష్టపరిహారం గొడవ లేదు. మన దగ్గరైతే ఆ ఖాళీలో ఈపాటికి ఒక కల్యాణ మండపం, రెండు టైర్ల షాపులు లేచి ఉండేవి.

ఇక ప్రయాణం. మెట్రో దిగి పైకొస్తే బస్సులు నిలబడే చోటు స్టేషన్ లోపలే ఉంది. మెట్రోకు ఇచ్చిన టికెట్టే బస్సుకూ సరిపోతుంది. అప్పట్లో చేతి డబ్బు ఇస్తే మూడు డాలర్లు. మళ్లీ టికెట్ అడిగేవాడు లేడు, కండక్టర్ అసలే లేడు. మా ఆర్టీసీ భాషలో చెప్పాలంటే, ఆ స్టేషన్లో అంతా గ్రౌండ్ బుకింగే, అంటే బస్సెక్కక ముందే టికెట్ అయిపోవడం. ముందు తలుపు, వెనక తలుపు రెండూ తెరిచి పెడితే పిల్లలు బిలబిలమని ఎక్కేశారు. టికెట్లు కొట్టడం పూర్తి కాక స్టేజీ దగ్గర ఎన్నిసార్లు బస్సు పక్కకు పెట్టుకోవాల్సి వస్తుందో మా వాళ్లకు తెలుసు. అక్కడ ఆ ముచ్చటే లేదు.

డ్రైవర్ ఒక నడివయసు ఆవిడ. మావాడు వెనక్కి పోయి, "నాయనా, ఈడ సీట్లుండాయి, రా" అని పిలిచాడు. "నువ్వు కూర్చోరా, నేను ఈడే ఉంటా" అని ముందు సీటు పట్టుకున్నాను. అక్కడి నుంచైతే ఆవిడ చేతులు, కాళ్లు రెండూ కనిపిస్తాయి. కదిలే ముందు చక్రాల కుర్చీలో ఒక అబ్బాయి వచ్చాడు. ఆవిడ ఒక మీట నొక్కగానే బస్సు ముందు భాగం కీ కీమంటూ కిందికి వంగింది, తలుపు దగ్గర పలకలాంటిది బయటికి తెరుచుకుంది. ఆ అబ్బాయి కుర్చీ తోసుకుంటూ ఎక్కాడు, ఆవిడ లేచి వెళ్లి ముందు సీట్లు పైకి మడిచి చోటు చేసింది. అంతసేపూ బస్సులో ఒక్కరు కూడా నాలుక చప్పరించలేదు. మంచితనం ఒక కారణం కావచ్చు. కానీ నా అనుభవంలో ఇంకో కారణం ఉంది. ముందు దారి ఖాళీగా ఉందని తెలిసినప్పుడు డ్రైవర్‌కూ తొందర ఉండదు, ఎక్కినవాళ్లకూ ఉండదు. ట్రాఫిక్‌లో పోయే టైమును సంపాదించుకోవాలనే టెన్షన్‌లోనే మనం ముసలివాళ్లను "తొందరగా ఎక్కవ్వా" అని కసురుతాం.

స్టేషన్ దాటాక అలెన్ రోడ్డు. అక్కడ బస్సులకు ఒక వరుస విడిగా గీశారు, నేల మీద తెల్ల రంగుతో డైమండ్ గుర్తు వేసి. గీత గీతే కదా, నాకు పెద్దగా నమ్మకం కలగలేదు. తర్వాత డఫరిన్, అక్కడ ఎడమకు తిరగగానే అసలు రోడ్డు మొదలైంది. అటూ ఇటూ షాపు లేదు, గేటు లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు, సందులోంచి తల బయటపెట్టే బండి లేదు. అక్టోబరు కావడంతో గడ్డి పసుపు తిరిగింది. పైన కరెంటు తీగలు, కింద మేము.

నేను ఆవిడ కాలు చూస్తున్నాను. మన ఊళ్లో బస్సు తోలితే కుడికాలు యాక్సిలేటర్ మీద ఉన్నంతసేపు బ్రేకు మీదా ఉంటుంది. ఆవిడ యాక్సిలేటర్ మీద పెట్టిన కాలు తీయలేదు, ఒకే వేగం. హారన్ జోలికే పోలేదు. ఆ రోడ్డు మీద డీజిల్ ఎంత మిగులుతుందో మా డిపోలో కేఎంపీఎల్ లెక్కలు, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నది, రాసే ఆయనకు చూపించాలనిపించింది. ఎదురుగా ఒక 196, దాని వెనకాలే ఇంకొకటి వచ్చాయి. డ్రైవర్లు స్టీరింగ్ మీది నుంచి చెయ్యెత్తి పలకరించుకున్నారు. మా ఆవిడ నా వైపు తిరిగి, "చూస్తివా, ఆయమ్మ ఎంత సులువుగా తోలతా ఉందో" అంది. ఆ రోడ్డు మీద నేనైనా అట్లానే తోలతానని చెప్పాను. నమ్మినట్టు లేదు.

నిజానికి అలాంటి సుఖం నాకు కొత్త కాదు. తిరుమల కొండకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎన్ని మలుపులున్నా ఎదురు బండి రాదు. ఆ ధైర్యంతోనే మేము అన్నేళ్లు నిమ్మళంగా తోలాం. కొండ రోడ్డు కంటే నాకు కష్టమనిపించింది ఎప్పుడూ అలిపిరి నుంచి బస్టాండుకు వచ్చే ఆ కాస్త దూరమే. కార్లు, జీపులు కొండ రోడ్డులో కూడా వస్తాయనుకోండి. యార్క్ దారిలో అదీ లేదు, అన్నీ బస్సులే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పెద్ద వీధులను దాటే చోట సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే, పైన వంతెన గానీ కింద సొరంగం గానీ కట్టలేదు. చూడ్డానికి దారిలో ఏమీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, మెట్రో దిగి మళ్లీ బస్సెక్కాలి. అక్కడి చలిలో ఆ మార్పు ఎంత కష్టమో జనవరిలో వెళ్లినవాళ్లనే అడగాలి. సాయంత్రం క్యాంపస్‌లో క్యూ చూస్తే గుండె జారుతుంది గానీ, ఒక బస్సు కదిలేలోపే ఇంకొకటి వచ్చి నిలబడుతుంది కాబట్టి క్యూ కరిగిపోతుంది.

ఇప్పుడు ఆ బస్సు లేదు. 2017 డిసెంబర్ 17న మెట్రోను ఇంకో 8.6 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు పొడిగించారు. యూనివర్సిటీ నడిమధ్యలోనే ఒక స్టేషన్ వచ్చింది, 196 సర్వీసు ఆ రోజుతోనే ఆపేశారు. డౌన్స్‌వ్యూకు పేరు కూడా మార్చి షెప్పర్డ్ వెస్ట్ అంటున్నారు. మేము రెండోసారి పోయినప్పుడు ఆ కొత్త స్టేషన్లోనే దిగాం. నార్మన్ ఫోస్టర్ కంపెనీ గీసిన కట్టడం, పైకప్పు వంపు తిరిగి అందంగా ఉంది. "మంచిదే కదా నాయనా, చలిలో బస్సు మారే బాధ తప్పింది" అన్నాడు మావాడు. తప్పింది, కాదనను. కానీ మెట్రో ఎట్లాగూ వస్తుంది కదా, ఈ బస్సు రోడ్డు దండగ ఖర్చు అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఎనిమిదేళ్లంటే నాలుగేళ్ల డిగ్రీ పిల్లలు రెండు బ్యాచ్‌లు. వాళ్లకు సొరంగం పూర్తయ్యేదాకా చదువు ఆపుకోమని చెప్పలేం కదా.

మన ఊరి సంగతికొస్తే, ఎస్వీ యూనివర్సిటీ 1954 నాటిది, మహిళా యూనివర్సిటీ 1983 నాటిది. రైల్వే స్టేషన్ నుంచి వాటికి పోయే దారిలో పొద్దున కాలేజీల టైముకు టౌన్ క్లబ్ దగ్గర నిలబడి చూడండి, ఎంత మంది పిల్లకాయలు ఫుట్‌బోర్డు మీద ఉంటారో. 2022 నుంచి కొండకు ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, చప్పుడు లేదు, పొగ లేదు, తోలేవాళ్లకు గేరు మార్చే పని లేదు. సంతోషం. కానీ లీలామహల్ సర్కిల్లో ఇరుక్కుంటే ఎలక్ట్రిక్ బస్సైనా డీజిల్ బస్సైనా నిలబడేది ఒక్కటే. 2023లో పూర్తిగా తెరిచిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కొండకు పోయే బండ్లకు ఊపిరి పోసింది, యూనివర్సిటీ బస్సుకు దాంతో పెద్ద పని లేదు. కొత్త రోడ్డు వేయమని నేను అడగడం లేదు, స్థలం ఎక్కడుంది? పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక వరుస బస్సులకు వదిలితే చాలు. రంగు గీత మీద నమ్మకం లేదన్నది నేనే, అందుకే మధ్యలో సిమెంటు దిమ్మెలు పెట్టమంటాను. బండ్లు ఆపుకునేవాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనీండి.

మార్కులంటే 196కు ఐదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది సిగ్నళ్ల కోసం. ఇప్పుడు పిల్లల దగ్గరికి పోయేవాళ్లు లైన్ 1 మెట్రో ఎక్కి యార్క్ యూనివర్సిటీ స్టేషన్లో దిగండి. డౌన్స్‌వ్యూ అని అడిగితే కొత్తగా వచ్చిన పిల్లలకు తెలియకపోవచ్చు. చెవులు కప్పే టోపీ మాత్రం తిరుపతిలోనే కొనుక్కుని పోవద్దు, ఇక్కడివి అక్కడి గాలికి ఆగవు.