సింగపూర్ కప్పు దారులు: అత్తమామలతో జూన్ సెలవులు గడిపాక

సింగపూర్ గురించి రాసేవాళ్లు జూ, సెంటోసా దీవి, లైట్ల షో గురించే రాస్తారు. టికెట్ల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఇక్కడ కాపురం చేస్తున్న నాకు మాత్రం ఈ ఊళ్లో అన్నిటికంటే నచ్చినవి అపార్ట్‌మెంట్ బ్లాకు కింద నుంచి బస్‌స్టాపు దాకా, అక్కణ్నుంచి ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ దాకా వేసిన కప్పు దారులు. రెండు పక్కలా తెరిచి ఉంటాయి, నెత్తిన కప్పుంటుంది, అంతే. ఫొటో తీసుకోవడానికి ఏమీ ఉండదు. కారు లేకుండా, స్ట్రోలర్‌లో చంటిదాన్ని తోస్తూ, ఇంకో చేత్తో పెద్దవాణ్ని లాక్కుంటూ తిరిగేవాళ్లకే వాటి విలువ తెలుస్తుంది. కారు కొనొచ్చుగా అంటారేమో. ఇక్కడ కారుకి పదేళ్ల పర్మిట్టే లక్ష సింగపూర్ డాలర్లు దాటిన రోజులున్నాయి.

2013లో మొదలైన వాక్ టు రైడ్ పథకం కింద, ఎంఆర్‌టీ స్టేషన్‌కి 400 మీటర్ల లోపున్న బడులకీ, జనం ఎక్కువగా తిరిగే చోట్లకీ ఇలాంటి దారులు వేసుకుంటూ వచ్చారు. 2018కల్లా 200 కిలోమీటర్లు వేశారు. దారిలో చాలా చోట్ల మెట్లకి బదులు ర్యాంపులుంటాయి. బస్సులో స్ట్రోలర్ మడవక్కర్లేదని 2017లో రూలు మార్చాక నా నడుం నొప్పి సగం తగ్గింది.

జూన్ సెలవులకి అత్తయ్య, మామయ్య చిత్తూరు నుంచి వచ్చారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఈవిడతో ఎక్కడికి వెళ్లగలమా అని నాకు ఒకటే టెన్షన్. తీరా చూస్తే, సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికీ, టెక్కా మార్కెట్‌కీ, సాయంత్రం గార్డెన్స్ బై ద బేకీ ఆవిడే ముందు నడిచారు. మామయ్యయితే మూడో రోజునుంచే ఒంటరిగా మార్కెట్‌కి వెళ్లడం మొదలుపెట్టారు. "ఏమ్మా, అంత వానలో పోయి చెప్పులు తడవకుండా వచ్చినా చూడు" అని మునక్కాయలు నా చేతికిచ్చేవారు.

ఒక్క శనివారం మాత్రం నా దారులు నా పరువు తీశాయి. పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్‌కి బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. గొడుగు ఎందుకు, స్టేషన్ దాకా కప్పే ఉందిగా అని గొప్పగా చెప్పాను. సగం దూరం వెళ్లామో లేదో, పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ఇలాంటి గాలివానల్ని ఇక్కడ సుమత్రా స్క్వాల్స్ అంటారు. రాత్రి మలక్కా జలసంధి వైపు పుట్టి, తెల్లారేసరికి ఊరి మీద పడతాయి. వాన నిలువుగా పడితే కదా కప్పు కాపాడేది! గాలికి జల్లు ఏటవాలుగా కొట్టి అత్తయ్య చీర కాళ్లకి చుట్టుకుపోయింది. స్ట్రోలర్ ప్లాస్టిక్ కవర్ పైకి లేచిపోయింది. పైగా బ్లాకుల వైపు కప్పు అయిపోయి రోడ్డు పక్క కప్పు మొదలయ్యే చోట నాలుగడుగుల ఖాళీ ఉంది. సరిగ్గా అక్కడ ధారలా నీళ్లు.

పక్క బ్లాకు కింద వాయిడ్ డెక్‌లోకి పరిగెత్తాం. హెచ్‌డీబీ బ్లాకుల్లో, అంటే ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లలో, నేలంతస్తు ఖాళీగా వదిలేస్తారు, మలయ్ వాళ్ల పెళ్లిళ్లూ చీనావాళ్ల చావు కార్యాలూ అక్కడే. చదరంగం గళ్ల రాతి బల్ల దగ్గర ఒక తమిళ పెద్దాయన కోపి (ఇక్కడి కాఫీ) తాగుతున్నారు. చిత్తూరువాళ్లకి అరవం ఎవరూ నేర్పక్కర్లేదు. మామయ్య మాట కలిపారు, ఇక వాన సంగతే ఎవరికీ పట్టలేదు. పై అంతస్తు చైనీస్ ఆంటీ లిఫ్టులోంచి చంటిదాన్ని చూసి, మళ్లీ పైకెళ్లి తువ్వాలు తెచ్చిచ్చింది. బంతాట నిషేధమని గోడ మీద బోర్డుంది. మావాడు టిఫిన్ డబ్బా మూత తన్నుకున్నాడు, అది బంతి కాదు కదా. పులిహోర అక్కడే అయిపోయింది. పెద్దాయన రెండోసారి పెట్టించుకున్నారు. ఆ పూటకి గార్డెన్స్ లేదు. అయినా చిత్తూరు వెళ్లాక మామయ్య అందరికీ చెప్పేది ఈ పూట గురించేనట.

అందుకని గొడుగు అక్కర్లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మామూలు వానకి, మిట్టమధ్యాహ్నం ఎండకి ఈ దారులు భేష్. ఉక్కపోతకి ఏమీ చేయలేవు. సాయంత్రం సైకిళ్లవాళ్లు వెనక నుంచి గంట కొడుతూ వస్తుంటే పిల్లల్ని పక్కకి లాగుతూ నడవాలి. మేం స్టేషన్‌కి దగ్గర్లో ఉంటాం కాబట్టి నేనింత పొగుడుతున్నానేమో కూడా. నా స్నేహితురాలు విడి ఇళ్ల వీధిలో అద్దెకుంటుంది. అక్కడ కప్పూ లేదు, బస్సూ దగ్గర్లో లేదు, నెలనెలా టాక్సీల ఖర్చు చూసి వాళ్లాయన గోల. ముసలివాళ్లూ చంటిపిల్లలూ ఉండి ఇల్లు వెతుక్కునేవాళ్లు అద్దె ఖాయం చేసుకునే ముందు ఆ ఇంటి నుంచి స్టేషన్ దాకా ఒకసారి నడిచి చూడండి, కప్పు ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది.