రాశిపురుషుడి బొమ్మ కొనేవాళ్లు మూలలు చూసుకోండి

పాత యూరప్ చిత్రాల నకళ్లు ఫ్రేము కట్టి పంపే ఆ అమ్మకందారు మీలో చాలామందికి తెలిసినవాడే. ఆరువందల ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో బెర్రీ ప్రభువు ప్రార్థన పుస్తకానికి బొమ్మలు వేసిన లింబూర్గ్ సోదరుల రాశిపురుషుణ్ని, అంటే ఒంట్లో ఏ అవయవానికి ఏ రాశో చూపే బొమ్మను, అతని దగ్గరే తెప్పించాను. ఇప్పుడే విప్పాను, ఒళ్లు మండిపోతోంది.

నడిమి బొమ్మకు వంక పెట్టలేం. వీపులు ఆనించి నిలబడ్డ ఇద్దరు. మనవైపు తిరిగినవాడి తల మీద మేషం, పాదాల కింద చేపలు. మన కాలపురుషుడికీ ఇదే వరస. చుట్టూ బాదంగింజ ఆకారపు పట్టీలో మళ్లీ అవే రాశులు. సరిగ్గా ఆ పట్టీ వెంబడే కత్తిరించి అట్టకు అతికించాడు మహానుభావుడు!

మూలల్లోనే కదా అసలు సంగతంతా ఉన్నది: నాటి యూరప్ వైద్యం చెప్పిన ఒంట్లోని నాలుగు రసాల్లో ఏ రాశులకు ఏదన్నది. పై ఎడమ మూలలో లాటిన్‌లో మేషం, సింహం, ధనుస్సు: వేడి, పొడి, పిత్త స్వభావం. కుడివైపు వృషభం, కన్య, మకరం: చలువ, పొడి, నల్లపిత్తం తెచ్చే విషాద స్వభావం. మకరాధిపతి శని, ఆ విషాదానికి కారకుడూ ఆయనే. కింద మిథున, తులా, కుంభాలకు రక్తం. కర్కాటక, వృశ్చిక, మీనాలకు కఫం. చంద్రుడు ఏ రాశిలో ఉంటే ఆ అవయవం దగ్గర నెత్తురు తీయకూడదని నాటి వైద్యుల లెక్క. ఈ రాతలు లేకపోతే మిగిలేది ఒంటి నిండా జంతువులు పాకుతున్న మనిషి. గీయించుకున్న బెర్రీ ప్రభువు రాజచిహ్నం కూడా కత్తెర పాలైంది.

ఫోను చేశాను. "ఓ, అదా! మూలల్లో ఏవో పిచ్చిగీతలుంటే గోడకు అందంగా ఉండదని మేమే తీసేశాం. అయినా మీ ఇంట్లో లాటిన్ ఎవరు చదువుతారు సార్?" అని నవ్వాడు. నవ్వాడండీ! పక్కనున్న వాళ్లకు కూడా వినిపించి నవ్వించాడు. ఆ సోదరులు ముగ్గురూ, ప్రభువూ 1416కే కాలం చేశారు కాబట్టి బతికిపోయారు. డబ్బు వాపసు అడిగితే అద్దం పగిలి వస్తేనేనట. సుత్తి ఉందో లేదో ఇంట్లో వెతకాలి. అమ్మకపు ఫొటోలో పుట మొత్తం కనబడితే వచ్చేదీ అదే అనుకున్నాను, నా తెలివి అంత.

కొనేవాళ్లు ఫ్రేము కట్టకముందు తీసిన ఫొటో అడగండి. అసలు పుట ఫ్రాన్స్‌లోని షాంటిల్లీలో, కోండే మ్యూజియంలో ఉంది. దాదాపు 29 సెంటీమీటర్ల ఎత్తు, 21 వెడల్పు. అండాకారపు అట్ట అంటే మాత్రం అక్కడికక్కడే వద్దనండి.