సెట్‌టాప్ బాక్స్‌తో నా గొడవ: ఆన్ చేయగానే వచ్చే ఆ ఛానల్

2013లో హైదరాబాద్‌లో మామూలు కేబుల్ ఆపేసి బాక్స్ తప్పనిసరి చేసినప్పటి నుంచీ మా ఇంట్లో ఒకే కేబుల్ కనెక్షన్. మధ్యలో హెచ్‌డీ బాక్స్‌కు మారాం, అంతే. బొమ్మ ఎలా ఉంటుంది, ఎన్ని ఛానళ్ళు వస్తాయి అన్నది నేను చెప్పక్కర్లేదు. 2019లో టెలికాం, టీవీ సేవల్ని నియంత్రించే ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చి నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, దాని మీద జీఎస్టీ, ఆపైన పే ఛానల్‌కి ఇంత అని విడివిడిగా వేయడం మొదలుపెట్టాక బిల్లు లెక్క అడగడం కూడా మానేశాను. మా ఇంట్లో నెలకి 350 దాకా అవుతుంది. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదల్లా ఒకటే. రాత్రి ఏ ఛానల్ చూస్తూ ఆపినా, పొద్దున బాక్స్ ఆన్ చేస్తే అది రాదు. కేబుల్ కంపెనీవాళ్ళు పెట్టిన ఛానల్ వస్తుంది. దీన్ని వాళ్ళ భాషలో ల్యాండింగ్ పేజీ అంటారు. మా నాన్న రాత్రి తొమ్మిదింటికి ఈటీవీ వార్తలు చూసి పడుకుంటారు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ పెడితే నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ ఎదురొస్తుంది. కింద ఎర్ర పట్టీ, దాని కింద ఇంకో పట్టీ, పక్కన ప్లాట్ల ప్రకటన, మధ్యలో మిగిలిన జాగాలో మనుషులు. కొన్ని నెలలు ఒక న్యూస్ ఛానల్, తర్వాత కొన్ని నెలలు దాని పోటీ ఛానల్. ఏ పార్టీ వైపు మొగ్గే ఛానల్ వచ్చినా మా ఇంట్లో ఎవరో ఒకరికి బీపీ పెరుగుతుంది, అది వేరే సంగతి.

మొదట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. నంబరు కొట్టి మారిస్తే సరిపోతుంది కదా అనుకునేవాణ్ణి. పోయినేడు ఎండాకాలంలో ఒక రాత్రి జరిగింది చూశాక ఆ మాట అనడం మానేశాను.

మేముండేది మల్కాజిగిరిలో. మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం, అర్ధరాత్రి ఎప్పుడో రావడం మా వైపు మామూలే. ఆ రాత్రి కరెంటు పోయేసరికి టీవీ నడుస్తోంది. అందరం పడుకున్నాం. నాన్నకి వినికిడి తక్కువ, అందుకని సౌండ్ ఎప్పుడూ నలభైకి తగ్గదు. దాదాపు రెండింటికి కరెంటు వచ్చింది. మా టీవీ కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యే రకం. బాక్స్ కూడా లేచింది. లేచి నేరుగా వెళ్ళి ఒక న్యూస్ ఛానల్‌లో దిగింది. అక్కడ నేరాల ప్రోగ్రామ్ ఏదో రిపీట్ వేస్తున్నారు, వెనక పోలీసు సైరన్.

నేను హాల్లోకి వచ్చేసరికి నాన్న మంచం మీద కూర్చుని కళ్ళజోడు కోసం తడుముకుంటున్నారు. "ఏమైందిరా, ఫైరింజనా?" అంటున్నారు. రిమోట్లు రెండు కదా మన ఇళ్ళల్లో, టీవీది దిండు కింద ఉందో మంచం కింద ఉందో తెలియదు. దొరికింది బాక్స్ రిమోట్. అది ఎంత నొక్కినా పలకదు, ఎందుకంటే బాక్స్ లేచిన కొత్తలో తెర మీద వాళ్ళ ప్యాకేజీ ప్రకటన ఒకటి వస్తుంది, అది పోయేదాకా మనం నొక్కేవేవీ తీసుకోదు. మ్యూట్ కూడా తీసుకోలేదు. చివరికి స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళి ప్లగ్ పీకాను. అప్పటికే పక్క పోర్షన్ వాళ్ళ లైట్ వెలిగింది, కింద కుక్క మొరుగుతోంది. నాన్న మాత్రం నమ్మలేదు. ఊళ్ళో ఏదో అయ్యే ఉంటుందని, వరంగల్‌లో ఉన్న మా అత్తయ్యకి ఆ వేళప్పుడు ఫోన్ చేశారు. ఆమె ఇంకా భయపడిపోయింది. ఆ సైరన్ టెన్షన్ తగ్గి ఇల్లు సద్దుమణిగేసరికి తెల్లారింది.

మర్నాడు కేబుల్ అన్నని పిలిచాను. వచ్చి బాక్స్ సెట్టింగ్స్ అన్నీ తిప్పాడు. "అన్నా, ఇది మా చేతుల లేదు. పైనుంచే వస్తది. మేం మార్చినా మళ్ళ అదే వస్తది" అన్నాడు. పైనుంచి అంటే మన వీధి ఆపరేటర్‌కి సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ, ఎంఎస్‌వో. ఆ చోటు కోసం ఛానళ్ళు వాళ్ళకి డబ్బు కడతాయి. దేశంలో దాదాపు 23 కోట్ల ఇళ్ళల్లో టీవీ ఉంటే, రేటింగ్ లెక్కించే బార్క్ మీటర్లు ఉన్నవి 58 వేల ఇళ్ళల్లో. ఆ ఇళ్ళల్లో బాక్స్ ఆన్ చేయగానే తమ ఛానల్ కనబడితే, మార్చేలోపు నడిచిన ఆ కాస్త సేపు కూడా తమ ఖాతాలో పడుతుందని ఆశ. రేటింగ్‌ని బట్టి ప్రకటనల రేటు. మా ఇంట్లో మీటర్ లేదు, అయినా సైరన్ మాకూ వినిపిస్తుంది.

ఇది నా ఒక్కడి గోల కాదు. రేటింగ్ ఉన్న ఛానళ్ళని ల్యాండింగ్ పేజీలో పెట్టొద్దని ట్రాయ్ 2017లో ఒకసారి, 2018లో మరోసారి చెప్పింది. 2019లో ఇలాంటి తగాదాలు విచారించే ట్రిబ్యునల్ టీడీశాట్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2025 నవంబర్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ తెచ్చిన ముసాయిదాలో, ల్యాండింగ్ పేజీ వల్ల వచ్చిన వీక్షణని రేటింగ్‌లో కలపొద్దని, దాన్ని ప్రచారానికి మాత్రమే వాడుకోవచ్చని రాశారు. ప్రచారానికి వాడుకోవచ్చు అంటే నా బాక్స్‌లో అది అలాగే ఉంటుందన్నమాట. రేటింగ్‌కి న్యాయం జరిగితే జరగొచ్చు, చూసేవాడి చెవుల గురించి ఎవరూ మాట్లాడలేదు.

మా అత్తగారి ఊళ్ళో దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ ఉంది. నెల బిల్లు లేదు. దాని బాక్స్ ఆన్ చేస్తే నిన్న ఆపిన ఛానలే వస్తుంది. పైసా కట్టని వాళ్ళకి ఉన్న ఆ మర్యాద, నెలనెలా కట్టే మాకు లేదు. అయితే మా అత్తమ్మ చూసే సీరియళ్ళు అందులో రావు, అందుకే మా ఇంటికి వచ్చినప్పుడు ఒక పట్టాన కదలదు.

నాకు అసలు కోపం సైరన్ మీద కూడా కాదు. నాన్న నెమ్మదిగా ఆ ఛానల్‌కే అలవాటు పడిపోయారు. మూడంకెల నంబరు కొట్టడం ఆయనకి కష్టం, ఒక అంకె కొట్టి రెండోది వెతికేలోపు బాక్స్ ఇంకెక్కడికో పోతుంది. "ఏదో ఒకటి వస్తోంది కదా" అని అక్కడే ఆగిపోతారు. ఇప్పుడు ఫోన్‌లో నాతో మాట్లాడితే ఆ యాంకర్ మాటలే ఆయన నోట వస్తున్నాయి. ఈటీవీ తొమ్మిదింటి వార్తలు కూడా నేను ఇంట్లో ఉండి పెడితేనే.

ఆ తర్వాత చేసుకున్న ఏర్పాట్లు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. టీవీ మెనూలో, కరెంటు వచ్చాక ఏం చేయాలి అన్న చోట స్టాండ్‌బై పెట్టాను. ఇది అన్ని టీవీల్లో ఉండదు, మా దాంట్లో మూడు మెనూల లోపల ఉంది. బాక్స్ అడాప్టర్‌ని ఇన్వర్టర్ ప్లగ్‌లోకి మార్చాను, కరెంటు పోయినా అది పడుకోదు, పడుకోకపోతే మళ్ళీ లేవాల్సిన పని లేదు. రాత్రి బాక్స్ ఆపకుండా టీవీ ఒక్కటే ఆపమని నాన్నకి చెప్పాను. వారంలో సగం రోజులు గుర్తుంటుంది.

వాన పడితే డిష్ వాళ్ళకి బొమ్మ పోతుంది, కేబుల్‌కి ఆ బాధ లేదని నేను చాలామందికి చెప్పి కనెక్షన్లు ఇప్పించాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, వాన వరకూ. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక నగరంలో స్తంభాల మీది కేబుళ్ళు కోసేశారు. మాకు టీవీ, ఇంటర్నెట్ రెండూ పోయాయి, ఎందుకంటే రెండూ ఒకే వైరు వెంట వస్తాయి. కోయడం తప్పు అనలేను, ఆ వైర్ల గుత్తులు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. కేబుల్ అన్న డాబాల మీదుగా వైరు లాగి తెచ్చాడు, అడగ్గానే వచ్చాడు కూడా. ఐపీఎల్ రోజుల్లో మాత్రం ఫోన్ ఎత్తడు.

తీసుకోవాలా వద్దా అంటే, ఇంట్లో పెద్దవాళ్ళుండి, రిమోట్‌తో తప్ప వేరే దేంతోనూ టీవీ చూడలేని పరిస్థితి ఉంటే కేబులే నయం, నేను కూడా నాన్న కోసమే కడుతున్నాను. నేనైతే ఇంట్లో టీవీ చూడటం తగ్గిపోయింది, ఫోన్‌తోనే సరి. ఇద్దరే ఉండి ఇద్దరికీ ఫోన్లు చాలనుకునేవాళ్ళు ఈ 350 ఇంటర్నెట్‌కే పెట్టుకోవచ్చు. కొత్తగా తీసుకుంటే మాత్రం డబ్బులు చేతికిచ్చే ముందు బాక్స్ ఒకసారి ఆపించి, మళ్ళీ ఆన్ చేయించి, ఏ ఛానల్‌లో దిగుతోందో, దిగాక మ్యూట్ ఎంతసేపటికి పనిచేస్తోందో చూసుకోండి.