ఆవకాయ కారానికి ఏ గుర్తును నమ్మాలి?

ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించుకునే ఇళ్లు గుంటూరులో ఇంకా ఉన్నాయి. మిరపకాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి మరకు తీసుకెళ్తారు. అంత తీరిక లేనివాళ్లు బ్రాడీపేటలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో పొట్లం కొంటారు. మందులు కొట్టని కారమంటే నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడానికీ వెనకాడరు. మిరప మీద పురుగుమందులు బాగా పడతాయి కాబట్టి ఆ జాగ్రత్త సరైనదే. కానీ ఆ ఎక్కువ ధర దేనికి ఇస్తున్నామో పొట్లం వెనక చదివితేనే తెలుస్తుంది. చదివేటప్పుడు నేను చూసేది ఒక్కటే: పొలాన్ని ఎవరు చూసి వచ్చారు?

పొలం సంగతి చెప్పని గుర్తులే ఎక్కువ. ఆకుపచ్చ గడిలో ఉండే ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, అంతే. దాన్ని సేంద్రియ ముద్ర అనుకునేవాళ్లు చాలామంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఆ వ్యాపారికి అనుమతి ఉందని చెబుతుంది. అగ్‌మార్క్ 1937 నాటి చట్టం కింద సరుకు నాణ్యతను శ్రేణులుగా విడదీసి ఇచ్చేది. గుంటూరు సన్నం మిరపకు ఉన్న భౌగోళిక గుర్తింపు అది ఏ ప్రాంతపు పంటో చెబుతుంది, ఎలా పండించారో చెప్పదు. ఇవన్నీ ఉన్న కారంలోనూ పురుగుమందు పడి ఉండవచ్చు.

ఇక అసలు పోటీ రెండింటి మధ్య. సేంద్రియమని చెప్పి అమ్మే పొట్లం మీద జైవిక్ భారత్ ముద్ర ఉండాలని 2017 నిబంధనలు చెప్పాయి. ఆ ముద్రకు దారులు రెండు, కాబట్టి దాని పక్కన ఇండియా ఆర్గానిక్ ఉందా, పీజీఎస్ ఇండియా ఉందా అన్నది చూడాలి.

ఇండియా ఆర్గానిక్ వెనక ఉన్నది ఎన్‌పీఓపీ అనే జాతీయ కార్యక్రమం. రైతుకు, కొనేవాడికి సంబంధం లేని మూడో సంస్థ వచ్చి పొలాన్ని, రికార్డులను తనిఖీ చేస్తుంది. మిరప లాంటి ఏడాది పంటకైతే విత్తడానికి ముందు సాధారణంగా రెండేళ్ల మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానేసి సేంద్రియ పద్ధతిలోకి మారే గడువు, గడవాలి. సరుకు పొలం నుంచి పొట్లం దాకా ఎలా వచ్చిందో ట్రేస్‌నెట్ అనే వ్యవస్థలో నమోదవుతుంది. విదేశాలకు వెళ్లే సేంద్రియ సరుకుకు ఇదే దారి. ఖర్చూ కాగితాల పనీ ఎక్కువ కావడంతో రెండెకరాల రైతు ఒంటరిగా ఈ గడప తొక్కలేడు, సంఘంలో చేరి రావలసిందే.

పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చుకునే పద్ధతిలో తనిఖీ చేసేది పక్క పొలం రైతే. కనీసం ఐదుగురు రైతులు జట్టుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు చూసుకుని, ఎవరు నియమం తప్పారో తేలుస్తారు. ఇరుగుపొరుగు మొహమాటం ఇందులోని బలహీనత. బలమూ ఆ ఇరుగుపొరుగే. రాత్రికి రాత్రి మందు కొడితే ఎక్కడి నుంచో వచ్చిన అధికారికి తెలియకపోవచ్చు, గట్టు అవతలి మనిషికి వాసన తెలుస్తుంది. ఖర్చు తక్కువ కాబట్టి చిన్న రైతుకు అందుతుంది.

మూడో రకం ప్రకృతి వ్యవసాయపు సరుకు. 2016లో మొదలైన మన రాష్ట్ర కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడుపుతోంది, 2024లో దానికి పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే ఎరువు), నీమాస్త్రం (వేపతో చేసే పురుగుల మందు) సొంతంగా తయారుచేసుకునే రైతు నేరుగా మన చేతికి అమ్మితే చాలాసార్లు ఏ ముద్రా ఉండదు. చిన్న రైతుల ప్రత్యక్ష అమ్మకానికి ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. ఆయన చేను చూసి రాగలిగితే ముద్ర లేని లోటు నాకు పెద్దగా కనిపించదు. అదే 'ప్రకృతి సిద్ధం' అన్న మాట కంపెనీ పొట్లం మీద ఉంటే పైసా విలువ ఇవ్వను. ఆధారం చూపకుండా ఇలాంటి పర్యావరణ గొప్పలు ప్రకటించుకోకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

నా తీర్పు ఇది. సరుకు ఎక్కడో పండి చేతులు మారి వచ్చినదైతే ఇండియా ఆర్గానిక్ మేలు, ఎందుకంటే అక్కడ మనకు కాగితమే సాక్షి. మన జిల్లా మిరపకైతే పీజీఎస్‌కే నా ఓటు. పొట్లం మీద జట్టు పేరు, ఊరి పేరు ఉంటే వెళ్లి చూడటానికి ఒక్క పూట చాలు.

పీజీఎస్‌లో 'గ్రీన్' అని మరో ముద్ర కనిపిస్తుంది. అది ఇంకా మార్పిడి కాలంలో ఉన్న పొలం పంట, పూర్తి సేంద్రియం కాదు. అందుకని చాలామంది పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం కొంటాను. రైతుకు దిగుబడి తగ్గే ప్రమాదమున్నదీ, సేంద్రియ ధర ఇంకా చేతికందనిదీ సరిగ్గా ఆ ఏళ్లలోనే.