పల్లావరంలో రాత్రి రెండింటి ఆర్టీ క్లాసు: డబ్బు దండగ కాదు, దోమలు మాత్రం ఎక్కువ

ముందే చెప్తున్నా, ఇది పైలట్లకు రేడియోలో మాట్లాడటం (ఆర్టీ) నేర్పే క్లాసు. ఆర్‌టీఆర్, అంటే రేడియో లైసెన్స్ పరీక్ష గట్టెక్కడానికి కోచింగ్ వెతుక్కుంటున్నవాళ్లకు ఇది పనికిరాదు. పైలట్ లైసెన్స్ చేతికొచ్చి, నాలాగా చెన్నైలో రూమ్ అద్దె కట్టుకుంటూ ఎయిర్‌లైన్ పిలుపు కోసం కూర్చున్నవాళ్లకే ఈ క్లాసు. నడిపేది రిటైరైన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఒకాయన, మన నెల్లూరు వైపు మనిషి. ఒక రాత్రికి 3,500 రూపాయలు, బ్యాచ్‌కి నలుగురే. షరతు ఒక్కటే: పొద్దున ఆరింటికి లేచినవాడు మళ్లీ కునుకు తీయకుండా రావాలి, ఫోన్ చేసి మరీ అడుగుతారు.

ఒంటిగంటకి వెళ్తే రెండింటిదాకా కబుర్లే. చిరాకేసింది, ఈ మాత్రం దానికి పగలు పెట్టొచ్చుగా అనుకున్నా. ఆయన కావాలనే ఆగుతున్నారని తర్వాత అర్థమైంది. రెండు నుంచి ఆరు మధ్యే ఒంటికి నిద్ర ముంచుకొచ్చే సమయం, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ డ్యూటీ రూల్స్‌లో కూడా ఆ నాలుగు గంటల్ని విడిగా చూస్తారు. అప్పుడు లైట్లు తగ్గించి, స్పీకర్లో ఇంజిన్ హోరు పెట్టి, పక్క గదిలోంచి హెడ్‌సెట్‌లోకి క్లియరెన్సులు (విమానాలకిచ్చే అనుమతులు, ఆదేశాలు) చదవడం మొదలుపెడతారు. మనం ప్యాడ్ మీద రాసుకుని రీడ్‌బ్యాక్ ఇవ్వాలి, అంటే విన్నది తిరిగి చెప్పాలి. అంతే క్లాసు.

మొదటి అరగంట పిల్లలాట. మూడు దాటాక మొదలైంది అసలు కథ. నా కాల్‌సైన్‌లో (రేడియోలో విమానాన్ని పిలిచే పేరులో) చివరి అంకెలు 14, పక్కవాడివి 41, వాడికిచ్చిన హెడింగ్ (వెళ్లాల్సిన దిక్కు) నేను ఠంచనుగా తీసేసుకున్నా. ఒకసారి ఇద్దరం ఒకేసారి బటన్ నొక్కితే చెవిలో కీచుమని మోత, ఒక్క మాటా అర్థం కాలేదు. 1977లో స్పెయిన్ దీవి టెనెరిఫేలో 583 మంది పోయిన విమాన ప్రమాదంలో, ఆగమని టవర్ చెప్పిన మాట ఇలాంటి కీచులోనే చెదిరిపోయిందని అప్పుడు చెప్పారు. పుస్తకంలో చదివిందే, కానీ అదే మోత చెవిలో పడ్డాక వింటే వేరేగా ఉంటుంది.

నా అసలు పరువు పోయింది మూడూ నలభైకి. ఫ్లైట్ లెవెల్ 110కి, అంటే దాదాపు 11,000 అడుగుల ఎత్తుకి దిగమన్నారు. అంతకుముందు వరసగా నాలుగుసార్లు 100 ఇచ్చి ఉన్నారు. నేను గట్టిగా, నమ్మకంగా "వన్ జీరో జీరో" అన్నా. సార్ ఏం అనలేదు. పది నిమిషాల తర్వాత వచ్చి ప్యాడ్ చూపించమన్నారు. చూస్తే నా చేతిరాతతోనే, పెన్సిల్‌తో, 110 అని ఉంది! చెయ్యి సరిగ్గానే విన్నది, నోరే పాతపాట పాడింది.

"విన్నావా బాబూ, విన్నాననుకున్నావా?" అని అడిగారు. ఈ తికమక వల్లే బ్రిటన్‌లో 100ని వన్ హండ్రెడ్ అంటారట. నేను తప్పు చెప్పినప్పుడు మీరెందుకు దిద్దలేదంటే, "నైట్ డ్యూటీలో అవతలివాడికీ నిద్రొస్తుందిగా, వాడూ తను చెప్పిందే విన్నాననుకుంటాడు" అన్నారు. వెయ్యి అడుగుల తేడా ఇద్దరి చెవుల్లోంచీ జారిపోతుందన్నమాట. 3,500కి ఈ ఒక్క ముక్క చాలు నాకు.

టీ టైమ్‌లో మంగళూరు సంగతి వచ్చింది. 2010 మేలో 158 మంది పోయారు, దుబాయ్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరిన విమానం, కెప్టెన్ గురక కాక్‌పిట్ రికార్డర్లో ఉంది. నిద్రపోవడమే తప్పా అని మాలో ఒకడు అడిగాడు. కాదన్నారు సార్. నాసా పరిశోధనలో పైలట్లు వంతులవారీగా, ముందే అనుకుని, సగటున 26 నిమిషాలు పడుకుంటే తర్వాత చురుగ్గా ఉన్నారట. చెప్పకుండా జారుకునే నిద్ర, లేచిన వెంటనే నిద్రమబ్బులో నిర్ణయాలు, ఇవీ ప్రమాదం అన్నారు. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేసిన 2024 రూల్స్ మీద కూడా ఆయనకి పెద్ద ఉపన్యాసమే ఉంది, అది నేను సగం నిద్రలో విన్నా, కాబట్టి ఇక్కడ రాయను.

బాగోలేనివి: దోమలు, ఏసీ లేదు, నాలుగు హెడ్‌సెట్లలో ఒకటి లూజు. గొంతు మొత్తం సార్‌దే, రకరకాల యాసలు రికార్డు చేసి పెడితే బాగుండేది. బంగాళాఖాతం మీద చెన్నైతో టెక్స్ట్‌లో మాట్లాడే సీపీడీఎల్‌సీ ఊసే లేదు.

ఇంకోటి, ఆరింటికి క్లాసవగానే తలుపు తీసి పంపేస్తారు. నిద్ర గురించి రాత్రంతా పాఠం చెప్పి, పడుకోడానికి చాప కూడా వేయరు. బండి మీద జీఎస్టీ రోడ్డెక్కే ధైర్యం లేక పల్లావరంలో లోకల్ ట్రైన్ ఎక్కా. దిగాల్సింది తాంబరంలో. స్టేషన్ మైకులో మూడు భాషల్లో చెప్పే ఉంటారు. నేను లేచింది చెంగల్పట్టులో.